పదిహేను రోజుల్లో 6జి

మా మేడిపల్లికి సముద్రం వచ్చేసినట్టే. కరెంటు స్తంభానికొకటి, బస్టాండు గోడకు రెండు: ‘షిప్‌యార్డుకు వెల్డర్లు కావలెను. పదిహేను రోజుల్లో 6జి. జాబ్ గ్యారంటీ.’ ఓడల తయారీకి 69,725 కోట్లు, 30 లక్షల కొలువులు అని ఢిల్లీ ప్రకటించిందో లేదో, కోరుట్ల రోడ్డు పొడవునా రేవులు వెలిశాయి. మాకు తెలిసిన కాకతీయ కాలువలో బర్రెలు దిగుతాయి గానీ ఓడలు దిగినట్టు ఎరగం. అయినా ఫికరెందుకు?

ఈ 6జిని నేను ఫోన్ సిగ్నలే అనుకున్నాను. ‘‘కాదు మామా, పైపుది’’ అన్నడు మా మేనల్లుడు. పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారట. అది కదలదు. వెల్డరే దాని చుట్టూ తిరిగి, వంగి, పడుకుని, కరిగిన లోహం జారకుండా అతకాలి. తర్వాత అతుకుకు ఎక్స్‌రే.

మావాడు నేర్చుకున్న రేకుల షెడ్డులో పైపు నేలమీద హాయిగా పడుకుంది. మిషను ఒకటి, పిల్లలు ముప్పై మంది, నల్లద్దాలు రెండు. రోజుకు నాలుగు రాడ్లు కాల్చి, మిగతా పొద్దంతా పక్కోడి మంట చూసేవాడు. రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటే ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుని పడుకునేవాడు. ఎక్స్‌రే కూడా తీశారు. అతుక్కి కాదు, వాడి ఛాతీకి, మెడికల్ కోసం! టెస్టు రోజు ఉస్తాద్ అతికిన ముక్కమీద సుద్దతో వీడి పేరు రాశారు. సర్టిఫికెట్ లామినేషన్‌లో మాత్రం ఒక్క బుడగ లేదు.

నవ్వింది చాలు. మా అక్క పుస్తెలతాడు కుదువపెట్టి, విదేశీ షిప్‌యార్డుకు పంపుతానన్న ఏజెంటుకు లక్షా నలభై వేలు కట్టింది. విదేశాలకు పంపే రిజిస్టర్డు ఏజెంటు తీసుకోవలసింది 30,000, ఆపైన జీఎస్టీ. రశీదడిగితే ‘‘నమ్మకం లేదా అక్కా?’’ అంటడు. నమ్మబట్టే కదరా మునుగుతున్నం! వెల్డరని విమానమెక్కిన పిల్లగాడు అక్కడి టెస్టులో తప్పి హెల్పరవుతాడు. ట్యాంకులో దూరి తుప్పు గీకుతాడు. తగ్గేది జీతం, అప్పు కాదు. దుబాయి పేరుతో ఇన్నేళ్లు దోచింది చాలక ఇప్పుడు ఓడ పేరు తగిలించారు, సిగ్గులేని జాతి!

ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాది, ఫిట్టర్ రెండేళ్లు. ‘‘అంత టైమెవనికున్నది మామా?’’ అంటడు మావాడు. అప్పు తీర్చడానికి మాత్రం ఐదేళ్ల టైముంది.

అక్కల్లారా, పైసలు తీసేముందు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెంటు లైసెన్సు చూపించమనండి. రశీదు లేనిదే రూపాయి ఇవ్వకండి. తర్వాత షెడ్డులోకి వెళ్లి పైపును చూడండి. నేలమీద పడుకుని ఉంటే, చెప్పులేసుకుని వచ్చేయండి.