మోపెడ్ పిన్నుకి విమానం ఉక్కు

బండి ఇంజన్‌లో టకటకమని చప్పుడు మొదలైతే మెకానిక్ చూసి పిస్టన్ పిన్ను అరిగిపోయిందంటాడు. కొట్లో కొత్తది దొరుకుతుంది, సాయంత్రానికి బండి చేతికొస్తుంది. ఆ పని చెయ్యకండి. బండిని నెల్లాళ్లు మూల పెట్టి, బస్సెక్కండి. పిన్ను మీరే దగ్గరుండి చేయించుకోండి.

పాత మోపెడ్‌కి ఇంత దేనికంటారేమో. 1903లో రైట్ సోదరుల కోసం చార్లీ టేలర్ చేసిన ఇంజన్ 12 గుర్రాల బలంది. నిమిషానికి తిరిగింది వెయ్యి చిల్లర చుట్లే. చుట్టుకి రెండుసార్లు పిస్టన్ ఆగి వెనక్కి మళ్లుతుంది. మీ బండి 5000 చుట్లు తిరిగితే పిన్ను నిమిషానికి పదివేల కుదుపులు ఓర్చుకోవాలి. అందుకే మోపెడ్‌కే ఎక్కువ మర్యాద చెయ్యాలంటాను.

ఉక్కు ఎంచేటప్పుడు గట్టిదనం చూసి మోసపోకండి. కత్తి చేసే ఉక్కుతో పిన్ను చేస్తే ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. ఆ తరం విమాన ఇంజన్లవాళ్లు కార్బన్ 0.2 శాతం లోపున్న మెత్తటి ఉక్కు తీసుకుని, అందులో నికెల్ కలిపించేవాళ్లు. నికెల్ ఉక్కు దొరికేదాకా ఆగండి, ఎన్నాళ్లయినా సరే. బరువు తగ్గేలా మధ్యలో గుల్ల చేయించి, బొగ్గుపొడి నింపిన పెట్టెలో పాతి, 900 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉడికించాలి. కార్బన్ పైపొరలోకే ఇంకుతుంది. తర్వాత నూనెలో ముంచితే పైన గట్టిపడుతుంది, లోపల సాగే గుణం మిగులుతుంది.

ఇది బుర్రకెక్కకపోతే కూర్మన్నపాలెం ఆర్చి దగ్గర కాసేపు నిలబడండి. లోపల విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో ఎర్రగా వచ్చే టీఎంటీ కడ్డీ మీద నీళ్లు కొడతారు. పైపొర బిగుసుకుంటుంది, లోపలి వేడి దాన్ని మళ్లీ కాస్త మెత్తబరుస్తుంది. కోసిన ముక్కని నున్నగా రుద్ది, నైట్రిక్ యాసిడ్ కలిపిన స్పిరిట్ రాయండి, చుట్టూ నల్లటి వలయం తేలుతుంది. నాకది చూసినప్పుడల్లా గుండె నిండుతుంది. కానీ ఆ కడ్డీనే లేత్ మీద పెట్టి పిన్ను తియ్యమని ఎవరైనా చెబితే వినకండి. లేత్ మొదట ఒలిచేసేది ఆ గట్టి తోలునే.

గ్రైండింగ్‌కిచ్చి వచ్చెయ్యకండి, పక్కనే ఉండండి. ఎక్కువ అరగదీస్తే మీరు పొయ్యిలో సంపాదించినదంతా పొడైపోతుంది. చివర కొత్త ఆకురాయితో ఓ మూల గీరి చూడండి. కొరకకూడదు. కొరకలేక జర్రున జారిందా, బండి కట్టించుకోండి. కొరికిందా, మళ్లీ మొదటి నుంచి.