సరిభాగం

సోమల పక్క పల్లెలో అన్నదమ్ములిద్దరు. నాయన 44 ఏళ్లకే మామిడితోపులో కుప్పకూలిపోయాడు. ఆయన వదిలిపోయిన మూడెకరాల కోసం తమ్ముడు కోర్టుకెక్కాడు. బావికాడ గుంటతో సహా లెక్కపెట్టించి సగం రాయించుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

తమ్ముడిది బక్క ప్రాణం. బీడీ లేదు, సారా లేదు, సంగటి, ఊరిబిండి తప్ప వేరే రుచి ఎరగడు. ఇలాంటివాళ్లకు గుండెజబ్బు రాదని మన ఊళ్లలో అందరం ధీమాగా ఉంటాం. టమాటా గంప ఎత్తుతూ రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. తిరుపతిలో స్టెంటు వేశారు. రక్తంలో చెడ్డ కొవ్వు 290 ఉంది.

డాక్టరు అతని మడమ వెనక నరం నొక్కి చూశాడు. "ఈ గడ్డలు ఎప్పటినుంచి?"

"అది మా వంశం గుర్తు సార్. నాయనకు ఉండె. అన్నకూ ఉండాది." కొంచెం గర్వంగానే చెప్పాడు.

"అది కొవ్వేనయ్యా. చెడ్డ కొవ్వును రక్తంలోంచి లాగేసేది కాలేయం. దానికి కొక్కేల లాంటివి ఉంటాయి. వాటిని తయారుచేసే జన్యువు మీ ఇంట్లో చెడిపోయింది. బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు ఈ గుట్టు విప్పితే 1985లో నోబెల్ ఇచ్చారు. 250 మందిలో ఒకరికి ఉండే జబ్బే, గుండె పట్టేదాకా చాలామందికి తెలీదు. సంగటితో ఆగదు, జీవితాంతం మాత్ర వేసుకోవాలి. తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. నీ పిల్లలకు పరీక్ష చేయించు. మీ అన్నకూ చెప్పు."

ఇంటికొచ్చాక పెండ్లాం పోరు పెట్టింది. "పగ పగే, పానం పానమే. పోయి సెప్పిరాపో."

పోయాడు. అరుగు మీదున్న అన్న ముందు నిలబడి అంతా గడగడా చెప్పేశాడు. అన్న ఏమీ అనలేదు. మంచినీళ్లకని లోపలికి పోయాడు. కిటికీలో టెంకాయ నూనె సీసా పక్కన మాత్రల అట్ట కనబడింది. తమ్ముడి జేబులో ఉన్న మాత్రలే. సగం అయిపోయాయి.

"ఎవురివన్నా ఇవి?"

"నావే. నాలుగేండ్లుగా మింగతా ఉండా."

"నీకు డాక్టరు సెప్పలేదా, తమ్మునికి సెప్పమని?"

"సెప్పె." అన్న చెంబు చేతికిచ్చాడు. "నాయన సొత్తులో నీ సగం నువ్వు అడక్కుండా ఏనాడన్నా ఇడిసిపెట్టినావా?"