దూరవిద్యలో దూరం తగ్గకుండా చూసుకోవడం ఎలా?
‘రాజకీయాలు – టెలివిజన్’ పేపరు చెప్పే మాస్టార్లకు ఏడు చిట్కాలు

ఈ ఏడాది ఈ పేపరు మీ నెత్తిన పడింది. మీ లిస్టులో ఒకమ్మాయిది తమిళనాడు, ధర్మపురి జిల్లా బి. మల్లాపురం. బొమ్మిడి స్టేషన్‌ దగ్గరి ఊరు. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. కంగారు పడకండి. కింది చిట్కాలు పాటిస్తే మీరెవరో ఆమెకూ, ఆమె ఎవరో మీకూ తెలియకుండానే కోర్సు పూర్తవుతుంది.

1. కథ అమెరికాలో మొదలుపెట్టండి

1960 నాటి కెన్నెడీ–నిక్సన్ టీవీ చర్చకు రెండు యూనిట్లు కేటాయించండి. నిక్సన్ మొహం మీది చెమటను వర్ణించండి. మన దగ్గరికి మాత్రం రాకండి. వస్తే 1975 ఆగస్టు 1 దగ్గర ఆగాల్సి వస్తుంది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఏడాదిపాటు టీవీ పాఠాలు చూపించిన ‘సైట్’ ప్రయోగం ఆ రోజే మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఎమర్జెన్సీ పెట్టి అప్పటికి అయిదు వారాలు దాటింది. ఇది చెప్పారంటే, “సార్, వ్యవసాయం నేర్పిన టీవీ, సర్కారు మాట వినిపించిన టీవీ ఒక్కటేనా?” అని ఎవరో ఒకరు అడుగుతారు. సిలబస్‌లో లేని చిక్కు మీకెందుకు?

2. 1982ను మూడు ముక్కలు చేయండి

ఆ ఏడాది మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు. ఆగస్టు 15న దూరదర్శన్ రంగుల్లోకి మారింది. అదే ఆగస్టులో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి ప్రభుత్వ పాలనాశాస్త్రం ప్రొఫెసరు. తర్వాత ఇగ్నోకూ ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. రాజకీయం, టీవీ, దూరవిద్య ఒకే ఏడాది ఒకే గడప తొక్కాయన్నమాట. వాటిని మూడు వేర్వేరు పేపర్లలో పడేయండి. ‘టీవీయే ఓట్లు తెస్తుంది’ అని ఒక్క వాక్యంలో తేల్చేయండి. టీవీ సర్కారు చేతిలో ఉన్న రోజుల్లో చైతన్యరథం ఎక్కి ఊరూరా తిరిగిన కొత్త పార్టీ తొమ్మిది నెలల్లో ఎలా గెలిచిందనే ప్రశ్న రానివ్వకండి.

3. ఇంట్లో టీవీ ఎవరిచ్చారని అడగొద్దు

2006 తమిళనాడు ఎన్నికల్లో డీఎంకే ఉచిత కలర్ టీవీ వాగ్దానం చేసింది. గెలిచింది. 14 అంగుళాల పెట్టెలు ఇళ్లకు చేరాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మేనిఫెస్టోలో ఇచ్చే హామీ చట్టం చెప్పే అవినీతి చర్య కిందికి రాదనీ, అయినా ఉచితాలు ఎన్నికల్లో సమాన అవకాశాలను దెబ్బతీస్తాయనీ కోర్టు 2013 జులై 5న చెప్పింది. మార్గదర్శకాలు రాయమని ఎన్నికల సంఘానికి పురమాయించింది. అలాంటి పెట్టె ఒకటి మీ స్టూడెంటు ఇంటి అటక మీద ఉన్నా ఉండొచ్చు. దాన్ని దించి తుడిచి చూపిస్తే మీ ఏడో యూనిట్ చదివేదెవరు?

4. ఛానల్ ఎవరిదో, వైరు ఎవరిదో చెప్పొద్దు

అమ్మ జెమినీ పెట్టమంటుంది, కూతురు సన్ టీవీ అంటుంది. రిమోట్ కోసం ఇల్లు పీకి పందిరేసినా డబ్బు చేరేది ఒకే సన్ నెట్‌వర్క్‌కి. ఆ నెట్‌వర్క్ యజమానుల కుటుంబానికీ డీఎంకే అధినేత, అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధికీ 2007లో చెడింది. ఆ సెప్టెంబరులో కరుణానిధి బిరుదు పేరుతో కలైంజర్ టీవీ వచ్చింది. ప్రభుత్వం ‘అరసు కేబుల్’ పెట్టిందీ ఆ ఏడాదే. రాజీ కుదిరాక అరసు కేబుల్ చల్లబడింది. 2011లో జయలలిత అధికారంలోకి వచ్చాక మళ్లీ లేచి, నెలకు 70 రూపాయలకే ఛానళ్లు ఇచ్చింది. తెలుగువాళ్లం తక్కువ తినలేదు. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు ఆపేశారు. ఇవన్నీ వదిలేసి మెటీరియల్‌లో ‘ఒక పార్టీ’, ‘ఒక ఛానల్’, ‘ఒకానొక రాష్ట్రం’ అని రాయండి. నిష్పాక్షికంగా ఉంటుంది. పైగా ఎవరికీ ఏమీ అర్థం కాదు.

5. ఆడియో పాఠాలు పంపొద్దు

తమిళనాడు 2006లో చేసిన చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. కాబట్టి ఆ అమ్మాయికి తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడగలదు, చదవడమే కష్టం. మీ గొంతుతో పావుగంట చెబితే బస్సులో కూర్చునైనా వింటుంది. అందుకే అయిదు వందల పేజీల పుస్తకం పంపండి. ‘ప్రసార మాధ్యమ ప్రభావ స్వరూప స్వభావములు’ అని మొదటి అధ్యాయం పెడితే, రెండో అధ్యాయం దాకా ఎవరూ రారు.

6. ఆన్‌లైన్ క్లాసును టీవీ డిబేట్‌లా నడపండి

తెర మీద ఎనిమిది కిటికీలు పెట్టి, ప్రశ్న వేసి, జవాబు రాకముందే “సూటిగా చెప్పండి” అని గద్దించండి. మైకులు మీరే మూసి “సమాధానం లేదా?” అనండి. క్లాసు రాత్రి ఎనిమిదికి పెట్టండి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాన్న చేతిలో ఉండే సమయం అది. రానివాళ్ల పేర్లు అడుగున స్క్రోలింగ్ వేయండి.

7. అసైన్‌మెంట్ గైడులో దొరికేలా ఇవ్వండి

‘టెలివిజన్‌ను నిర్వచించి, దాని లక్షణములు వివరింపుము’ అన్నది భద్రమైన ప్రశ్న. అందరూ ఒకే జవాబు రాస్తారు, మీరు ఒకే మార్కు వేస్తారు. ‘ఒకే రోజు వార్తలు రెండు ఛానళ్లలో చూసి, ఏది ముందు చెప్పారో, ఏది అసలు చెప్పలేదో రాయండి’ అని మాత్రం అడగొద్దు. దానికి పుస్తకం అక్కర్లేదు, ఓ సాయంత్రం చాలు. పైగా వచ్చిన ప్రతి పేపరూ మీరు చదవాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆ అమ్మాయి తనంతట తానే సన్ న్యూస్, సాక్షి పక్కపక్కన చూసి నాలుగు పేజీలు రాసి పంపితే బెదిరిపోకండి. కీ పేపర్లో లేని జవాబు కాబట్టి సున్నా వేయండి. రీవాల్యుయేషన్‌కు ఫీజు కట్టుకుంటుంది.