సోనాపూర్‌లో అమృతాంజనం సీసా

మా వంశం 1893లో బొంబాయిలో మొదలైంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మమ్మల్ని తయారు చేసి అమ్మిన రాబడితోనే తర్వాత ఆంధ్రపత్రిక నడిపారు. ఆ పసుపుపచ్చని మందు సీసాల్లో నేనూ ఒకదాన్ని. జగిత్యాల దగ్గర పల్లెలో ఒక తల్లి, దుబాయి పోతున్న కొడుకు బ్యాగులో మామిడికాయ తొక్కు డబ్బా పక్కన నన్ను సర్దింది.

సోనాపూర్ లేబర్ క్యాంపులో దిగాం. ఆ చోటుకు సర్కారు పెట్టిన పేరు ముహైస్నా, మనవాళ్లకు మాత్రం సోనాపూరే. గదిలో ఒకదాని మీద ఒకటి మంచాలు. జగిత్యాల, నిజామాబాద్ వాళ్లే ఎక్కువ, కోనసీమ మనిషి ఒకాయన. మావాడిది స్టీల్ ఫిక్సర్ పని. పొద్దంతా నడుం వంచి ఇనుప చువ్వలకు తీగ మెలిపెట్టాలి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. ఎండ నుంచి అది కాపాడుతుంది, వంగిన నడుమును కాపాడదు.

రాత్రిళ్లు కింది మంచం కుర్రాడు నన్ను తీసి మావాడి నడుముకు రాసేవాడు. రాస్తున్నంతసేపూ ఏజెంటుకిచ్చిన అప్పు, దాని మిత్తి, బిడ్డ చదువు, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. నా శక్తి చర్మం వరకే. పైన చురుక్కుమనిపించి లోపలి నొప్పిని కాసేపు మరిపిస్తాను. మిగతా పని ఆ కుర్రాడి చెయ్యే చేసేది.

ఒకరోజు మావాడు సైటులో నిచ్చెన మీంచి జారిపడ్డాడు. హాస్పిటల్లో కొన్నాళ్లకని ట్రామడాల్ రాశారు. ఆ మందు మీద నాకు కోపం లేదు. పక్క తిప్పలేని మనిషి దానివల్లే నిద్రపోయాడు. 1977లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన మందు అది. నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ మెదడులో ఎక్కడ పనిచేస్తుందో ఇదీ అక్కడే పనిచేస్తుంది. దానికి తోడు మనసును తేలిక చేసే రసాయనాలను కూడా మెదడులో ఎక్కువసేపు నిలబెడుతుంది. అందుకే నొప్పి తగ్గడమే కాదు, ఒంట్లో కొత్త సత్తువ వచ్చినట్టుంటుంది, ఇంటి బెంగ కాస్త పల్చబడుతుంది. చిక్కంతా అక్కడే.

దెబ్బ మానింది. అయినా తెల్లారకముందే బస్సెక్కే ముందు గోలి వేసుకోవడం మానలేదు.

“ఇంక నొస్తుందా అన్నా?” అని కుర్రాడు అడిగాడు.

“లేదురా. వస్తదేమోనని.”

ఆ మాట విన్నప్పుడే గదిలో ఎవరైనా ఆగి ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది! రాని నొప్పికి మందు వేసుకోవడం, పని చేయడానికనో నిద్ర పట్టడానికనో మనసు బాగుండడానికనో వేసుకోవడం, వ్యసనానికి అసలు గుర్తు అదే. తర్వాతవి దాని వెనకాలే వచ్చాయి. డాక్టరు చెప్పిన టైముకంటే ముందే గోలి గొంతు దిగేది. ఒకటి చాలక రెండయ్యాయి. కళ్లలో నల్లపాపలు ఆవగింజలంత అయ్యాయి. ఒళ్లంతా దురద, మలబద్ధకం, బస్సులో కునికిపాట్లు. ఎండ వల్ల, తిండి వల్ల అనుకున్నారు అందరూ.

అంతవరకు గోలీల షీటు అల్మరాలో నా పక్కనే ఉండేది. ఒకరాత్రి దాన్ని తలగడ కిందికి మార్చాడు. తర్వాత ఒక్కొక్క గోలీనీ ఒలిచి, పాత విటమిన్ డబ్బాలో పోసి, ఖాళీ షీటును వార్తాపత్రికలో చుట్టి బయటి చెత్తడబ్బాలో పడేసి వచ్చాడు. నొప్పికి మందు వేసుకునేవాడు షీటును దాచిపెట్టడు. ఆ రాత్రి నాకు చాలా భయం వేసింది. నన్ను రాయమని అడగడం మానేసి అప్పటికే చాన్నాళ్లయింది. దాంతోపాటే ఆ మాటలూ పోయాయి. ఇంటికి ఫోన్ చేసినా రెండు ముక్కలతో పెట్టేసేవాడు.

అన్నిటికంటే మోసం చేసేది మరొకటుంది. గోలి ఆలస్యమైతే ఆవులింతలు, ముక్కు కారడం, చెమటలు, రోమాలు నిక్కబొడుచుకోవడం, ఎముకల్లో పీకులాట. “చూసినవా, నా నొప్పి పోలేదు” అనేవాడు. అది నడుం నొప్పి కాదు, మందుకు అలవాటుపడ్డ ఒళ్లు మందును అడుగుతోంది. దాన్నే పాత నొప్పి అనుకుని మళ్లీ వేసుకుంటాడు. గోలి పడగానే తగ్గుతుంది కాబట్టి తన మాటే నిజమని నమ్ముతాడు.

క్లినిక్‌లో మళ్లీ రాసివ్వడానికి ఒప్పుకోలేదు. ఇంకో క్లినిక్‌కి పోయాడు. అక్కడా కాదన్నాక, సెలవు మీద ఊరెళ్లిన బావకు ఫోన్ చేశాడు. “బావా, మన ఆర్‌ఎంపీ దగ్గర ఆ గోలీలు తీస్కరా. తొక్కు డబ్బల పెట్టు.”

ఎంత ప్రమాదమో చూడండి. ట్రామడాల్‌ని 2018 ఏప్రిల్‌లో ఇండియాలోనే మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కిందికి తెచ్చారు. ఎమిరేట్స్‌లో అది నియంత్రిత మందు. చీటీ ఉన్నా, అక్కడి ఆరోగ్య అధికారుల దగ్గర ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుని తేవాలి. డబ్బాలో దాచి తెస్తే పట్టుబడేది బావ.

ఆ ఫోన్ మాటలు కింది మంచం దాకా వినిపించాయి. కుర్రాడు లేచి కూర్చున్నాడు. అరవలేదు, నలుగురిలో పరువు తీయలేదు. “అన్నా, నొప్పైతుందని ఏసుకుంటున్నవా, ఏసుకోకుంటే నొప్పైతుందా?” అన్నాడు. మావాడు చాలాసేపు పలకలేదు. చివరికి, “చెప్తే జైల్ల ఏస్తరు తమ్మీ” అన్నాడు.

కోనసీమ ఆయన ఫోన్‌లో వెతికి చదివి వినిపించాడు. 2021లో ఎమిరేట్స్ తెచ్చిన కొత్త మాదకద్రవ్యాల చట్టం ప్రకారం, పట్టుబడకముందే తానుగా చికిత్స కోసం వచ్చినవాడి మీద కేసు పెట్టరు. భార్యో, దగ్గరి బంధువో తరఫున అడిగినా అంతే. అబూధాబీలో 2002 నుంచి నేషనల్ రిహాబిలిటేషన్ సెంటర్ ఉంది, దుబాయిలో ఇరాదా సెంటర్ ఉంది. “ఇది జబ్బండీ, తప్పు కాదు. రేపే వెళ్దాం” అన్నాడాయన.

డాక్టరు దగ్గర మావాడు రోజుకు ఎన్ని వేసుకుంటున్నాడో ఉన్నదున్నట్టు చెప్పాడు. నిద్రమాత్రలు కలుపుతున్నావా అని ఆయన మొదట అడిగారు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది కనుక. మోతాదు మించితే ఫిట్స్ కూడా రావచ్చన్నారు. అలాగని ఒక్కసారిగా ఆపేయొద్దని, తను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలని రాసిచ్చారు. నడుముకు వ్యాయామాలు నేర్పించారు. గోలీలు ఇప్పుడు కుర్రాడి దగ్గర ఉంటున్నాయి. చీటీ చూసి లెక్కప్రకారం ఇస్తాడు. మావాడు ఒక్కోరోజు వాడి మీద కస్సుమంటాడు, అయినా వాడు ఇవ్వడు.

బావ తొక్కు మాత్రమే తెచ్చాడు. గోలీలు తేలేదని మావాడు కొన్నాళ్లు ముఖం చాటేశాడు. ఈసారి డాక్టరు దగ్గరికి బావే వెంట వెళ్తానన్నాడు, అందుకు ఫోర్‌మన్‌ని అడిగి సెలవు కూడా తీసుకున్నాడు.