ఆరో తరగతి, పేరెంట్స్ సెక్షన్

ఆ సర్క్యులర్ మీకూ వచ్చే ఉంటుంది. నేరుగా రాకపోయినా మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ వారమంతా తిరిగే ఉంటుంది. ఆరో తరగతిలో అడుగుపెడుతున్న పిల్లలకు అండగా నిలబడటం ఎలాగో తల్లిదండ్రులకు నేర్పిస్తారట. హాజరు తప్పనిసరి. ఆదివారం ఉదయం పదింటికి, అమ్మానాన్న ఇద్దరూ రావాలి. రాకపోతే ఆ సంగతి పిల్ల ఫైల్లో రాసిపెడతారు. దీనికి ఫీజు ఉంది, టర్మ్ ఫీజుతో కలిపి కట్టేసుకోవచ్చు. అడుగున లావు అక్షరాల్లో ఇంకో మాట: హైస్కూల్లో పిల్లలు వెనకబడితే అందుకు సగం కారణం ఇంట్లోనే ఉంటుందని తల్లిదండ్రులు గుర్తించాలట.

మిగతా సగం ఎక్కడుంటుందో రాయలేదు. రాయాల్సిన జాగాలో క్యాంపస్ ఇన్‌ఛార్జి సంతకం ఉంది.

సరే, గుర్తించాం. గుర్తించాక తప్పించుకోవడం మర్యాద కాదు. కాబట్టి ఈ జూన్‌లో మా ఇంటి నుంచి ఆరో తరగతిలో చేరుతున్నది ముగ్గురు: మా అమ్మాయి, మా ఆవిడ, నేను. అమ్మాయి సీటు నిమిషంలో తేలిపోయింది. చిక్కంతా మా ఇద్దరి సీట్లతోనే వచ్చింది.

అడ్మిషన్ కౌంటర్ పక్కన అద్దాల గది. లోపల చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబుతో పీఆర్వో. "హాయ్ బేబీ, ఫిఫ్త్‌లో ఎంత పర్సంటేజ్?" అని మా అమ్మాయిని ఒక్క ప్రశ్నతో వదిలేసి కుర్చీ మా వైపు తిప్పాడు. మీరేం చదివారు సార్? ఎక్కడ? ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతారా? ఇల్లు సొంతమా, అద్దెదా? మేడం, మీరు జాబ్ చేస్తారా? "చేస్తాను" అంది మా ఆవిడ. "మరి పాపను ఎవరు చూసుకుంటారు మేడం?" అంటూ ట్యాబులో ఏదో నొక్కాడు. పక్క గదిలో ఇంకో తల్లి "చేయనండీ" అంటోంది. "మరి ఎక్స్‌పోజర్ ఎట్లా మేడం?" అనడం అద్దం ఇవతలికి కూడా వినిపించింది. అక్కడా ఏదో నొక్కే ఉంటారు. అలా నొక్కినవన్నీ కూడితే మా మార్కులట. అద్దె ఇంటికి ఎన్ని తీసేశారో మాత్రం చెప్పలేదు.

మొత్తానికి పాసయ్యాం. మా ఆవిడ బీటెక్ కాబట్టి స్టార్ బ్యాచ్. నేను తెలుగు ఎంఏ కాబట్టి జనరల్ బ్యాచ్, చివరి బెంచీ. నా పక్కన ఓ కిరాణా కొట్టు యజమాని. పెద్దబాబుతో ఒకసారి ఆరో తరగతి చదివేశాడు, ఇప్పుడు చిన్నబాబుతో మళ్లీ చదువుతున్నాడు. అనుభవజ్ఞుడని ఆయన్నే క్లాస్ లీడర్ని చేశారు. "భయపడకండి సార్, సెవెంత్‌కి అలవాటైపోద్ది" అని ధైర్యం చెప్పాడు.

సిలబస్ పెద్దదే. మొదటి సబ్జెక్టు ప్రాజెక్టులు. రాత్రి తొమ్మిదిన్నరకు డైరీ తెరిస్తే, రేపటికి అగ్నిపర్వతం తేవాలని ఉంటుంది. మూసేస్తున్న షట్టరు కిందనుంచి దూరి స్టేషనరీ షాపులోకి వెళ్తే, ఓనరు తల ఎత్తకుండానే "సిక్స్తా సార్? అగ్నిపర్వతమా, సోలార్ సిస్టమా?" అంటాడు. థర్మాకోల్ షీటు, ఫెవికాల్, ఎర్ర రంగు డబ్బా అన్నీ కలిపి ఒక సెట్టుగా కట్టి గోడవారన వరసగా పెట్టుకున్నాడు. వంట సోడా, వెనిగర్ మీ ఇంట్లోనే ఉంటాయి సార్ అని గుర్తు కూడా చేస్తాడు. ఈ సబ్జెక్టు మీద ఈ ఊళ్లో ఆయనకున్నంత పట్టు ఇంకెవరికీ లేదు. అర్ధరాత్రి పన్నెండింటికి మా డైనింగ్ టేబుల్ మీద లావా పొంగింది. అమ్మాయి పదింటికే నిద్రపోయింది. నాకు ఏ గ్రేడ్ వచ్చింది, మా ఆవిడ వేసిన లేబుళ్లకు ఏ ప్లస్.

రెండో సబ్జెక్టు వాట్సాప్. ఇందులో థియరీ, ప్రాక్టికల్స్ రెండూ ఉంటాయి. రేపు తెల్ల సాక్సా, నీలం సాక్సా అన్న ఒక్క ప్రశ్నకు నూట పది జవాబులొస్తాయి. వాటిలోంచి సరైనదాన్ని పట్టుకోవాలి. మూడోది సంతకాలు. డైరీలో, స్లిప్ టెస్టు పేపర్లో, ఫీజు బాకీ నోటీసులో, పిక్నిక్‌లో ఏం జరిగినా మాదే బాధ్యత అన్న కాగితంలో. ఇందులో నాకు నూటికి నూరు.

వారం వారం మాకూ స్లిప్ టెస్టు. మొన్నటి దాంట్లో మొదటి ప్రశ్న: మీ పాప మ్యాథ్స్ టీచర్ పేరేమిటి? క్లాసంతా తలలు గోక్కుంది. టర్మ్ మొదట్లో ఒకాయన ఉండేవాడు, దసరాకు ఆయన మానేశాడు, తర్వాత వచ్చినామెను వేరే బ్రాంచికి మార్చారు. సరైన జవాబు 'ప్రస్తుతానికి ఎవరూ లేరు' అని క్లాస్ లీడర్ ఒక్కడే రాశాడు. అయినా సున్నా వేశారు. పాజిటివ్ యాటిట్యూడ్ లేదట.

నా ప్రోగ్రెస్ రిపోర్టు బాగాలేదని మా అమ్మను పిలిపించారు. విద్యార్థి వెనకబడితే సగం కారణం ఇంట్లో ఉంటుంది, మరి నాన్న వెనకబడితే? ఆ లెక్కన నాయనమ్మ దగ్గరికే కదా వెళ్లాలి. డెబ్భై ఆరేళ్ల మనిషి మోకాళ్లు పట్టుకుని రెండంతస్తులు ఎక్కింది. లిఫ్టు మేనేజ్‌మెంటుకు మాత్రమే. "మీ అబ్బాయికి కాన్సంట్రేషన్ తక్కువండీ, ఎప్పుడూ ఫోనే" అంది కౌన్సిలర్ మేడం. అమ్మ ఆమెను తేరిపారా చూసింది. "వాణ్ణి మా ఊరి జెడ్పీ హైస్కూల్లో చేర్చిన రోజున హెడ్మాస్టారు వాడి పేరు అడిగారమ్మా. ఎక్కాలు ఎంతదాకా వచ్చురా అన్నారు. నన్ను మాత్రం, మజ్జిగ తాగుతావా తల్లీ, ఎండనపడి వచ్చావు అన్నారు. మీరు ఇందాకట్నుంచి మంచినీళ్లు కూడా అడగలేదు." ఇది నెగటివ్ పేరెంటింగ్ కిందికి వస్తుందని రాసుకుని, అమ్మను గ్రాండ్‌పేరెంట్స్ ఫౌండేషన్ బ్యాచ్‌లో చేర్చుకున్నారు. ఎర్లీ బర్డ్ ఆఫర్ ఉందట, పది శాతం.

ఇక ఫలితాల రోజు ఎలాగుంటుందో చెప్పనక్కర్లేదు. టీవీలో ఊపిరి తీసుకోకుండా ఆ గొంతు: ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు, ఐదు. కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ మీద పాస్‌పోర్టు ఫొటోల్లో బిక్కమొహాలు వేసుకున్న నాన్నలు. ఆలిండియా నాలుగో ర్యాంకు నాన్న అని కింద పేరు. అదే నాన్న అదే చొక్కాతో మూడు సంస్థల ప్రకటనల్లోనూ ఉంటాడు. ర్యాంకు రానివాళ్లను లాంగ్ టర్మ్‌కు పంపుతారు. ఊరి బయట, రేకుల షెడ్డు హాస్టలు, నీళ్ల సాంబారు, నెలకొక ఔటింగు. రెండో ఆదివారం మా అమ్మాయి పులిహోర డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. వాచ్‌మన్ రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని పది నిమిషాలు మాట్లాడనిస్తాడు. "బాగా చదువుతున్నావా నాన్నా? ఈ ఒక్క ఏడాది కష్టపడు, తర్వాత లైఫంతా హ్యాపీ" అంటుంది. ఎక్కడ నేర్చుకుందో ఆ మాట.

ఇందులో నేను అల్లింది చాలానే ఉంది. కానీ మా అమ్మాయికిచ్చిన టైంటేబుల్ నేను అల్లలేదు. ఉదయం ఏడుకు బస్సు. సాయంత్రం నాలుగున్నరకు బడి అయిపోతుంది, ఐఐటీ ఫౌండేషన్ అప్పుడు మొదలవుతుంది. ఆ తర్వాత స్టడీ అవర్. ఇంటికి చేరేసరికి ఏడున్నర. పన్నెండున్నర గంటలు పిల్లను మీరే ఉంచుకుని, మిగిలిన కాసేపట్లో తిండి పెట్టి హోంవర్క్ చేయించి నిద్రపుచ్చే మాకు పిల్లతో సమయం గడపడం ఎలాగో నేర్పిస్తారా? దానికి ఫీజు కూడా మేమే కట్టాలా?

పదకొండేళ్ల పిల్లకు ఆరో తరగతి ఎందుకు కష్టమో తెలుసుకోవడానికి ఓరియెంటేషన్ అక్కర్లేదు. నిన్నటిదాకా ఒకే టీచరు. ఇప్పుడు గంట కొట్టినప్పుడల్లా కొత్త మొహం, ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. లెక్కల్లో అంకెల పక్కకు అక్షరాలొస్తాయి, సున్నాకు ఇవతల కూడా అంకెలున్నాయని తెలుస్తుంది. సర్కారు బడి పిల్లలకైతే హిందీ అక్షరాలు దిద్దడం మొదలయ్యేదే అప్పుడు. మొన్నటిదాకా అంటిపెట్టుకు తిరిగిన స్నేహితురాలు వేరే సెక్షన్లో పడుతుంది. ఒంట్లో మార్పులొస్తుంటాయి. ఆడపిల్లకు బడిలో ఉన్నప్పుడే మొదటిసారి మరక కనపడితే ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. సర్క్యులర్ నాలుగు పేజీలుంది. బాత్రూం అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఒలింపియాడ్ అని ఆరుచోట్ల ఉంది.

నియమాలు లేక కాదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు హోంవర్క్ రోజుకు గంటకు మించకూడదని, సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని స్కూల్ బ్యాగ్ పాలసీ 2020లోనే చెప్పింది. పదహారేళ్లు నిండనివాళ్లను కోచింగ్‌లో చేర్చుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. సంస్థలు ఏం చేశాయి? కోచింగ్‌కు యూనిఫాం తొడిగి బడి టైంటేబుల్లో కూర్చోబెట్టాయి. ఇప్పుడది కోచింగ్ కాదు, కరిక్యులం. పదిహేనేళ్ల పిల్లాడికి వద్దన్నదాన్ని పదకొండేళ్ల పిల్లకు అంటగట్టి, తట్టుకోలేకపోతే సగం తప్పు ఇంటిదంటారా?

మాదంటే పరవాలేదు, మాకు బీటెక్‌లూ ఎంఏలూ ఉన్నాయి, కాలమ్ రాసుకుని కడుపుమంట చల్లార్చుకోవచ్చు. ఇదే పాట రేపు జెడ్పీ హైస్కూలు దాకా పాకుతుంది. అక్కడ ఆరో తరగతిలో చేరే పిల్ల ఇద్దరు టీచర్ల పల్లె బడి నుంచి వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు బడి మూడు కిలోమీటర్లలోపు ఉండాలని నిబంధన ఉంది, బస్సు వేళకు రావాలని మాత్రం ఏ నిబంధనా లేదు. వాళ్లమ్మ తెల్లారకముందే మిరపకాయ కోతకు ఆటో ఎక్కేస్తుంది. డైరీలో వేలిముద్ర వేస్తుంది. ఆమె దగ్గరికి వెళ్లి నీ పిల్ల వెనకబడింది, సగం కారణం నువ్వే అని చెప్పే ధైర్యం ఎవరికుందో ముందుకు రండి. ఆమె కూలి డబ్బు కూడబెట్టి పిల్లకు సైకిల్ కొనిపెట్టింది. మీరు ఆ బడికి లెక్కల టీచర్ని ఇచ్చారా? ఆడపిల్లల బాత్రూంకు నీళ్లిచ్చారా? తల్లిదండ్రులు ఏం చేయాలో చెప్పడానికి మాత్రం అందరికీ నోరొస్తుంది.

ఆ అద్దాల గది సంగతి కూడా తేల్చుకుందాం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చేర్చుకునేటప్పుడు పిల్లనే కాదు, తల్లిదండ్రులను కూడా వడపోత పోయకూడదని సెక్షన్ 13 చెబుతోంది. మీరేం చదివారు, ఇంట్లో ఏ భాష, ఇల్లు ఎవరిది అని అడిగి మార్కులు వేయడం వడపోత కాకపోతే ఇంకేమిటి? మొదటిసారికి పాతికవేల దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారికీ యాభైవేల దాకా. చెప్పిన ఫీజు మీద ఇంకేదైనా డొనేషన్ గుంజితే దానికి పది రెట్ల దాకా. ఈ సీజన్లో ఆ ఒక్క క్యాంపస్‌లో ఎంతమంది తల్లిదండ్రులు ఆ చలి గదిలో కూర్చున్నారో పీఆర్వో ట్యాబులో వివరంగా ఉంది. ఎంఈవో గారో డీఈవో గారో ఒక్కసారి వెళ్లి ఆ ట్యాబు అడగండి. పాతిక ఒకసారి, యాభై చొప్పున మిగతావన్నీ. గుణించడం కష్టమైతే మా అమ్మాయిని పంపిస్తాను, పెద్ద అంకెల లెక్కలు ఐదో తరగతిలోనే వచ్చేశాయి దానికి.