కుప్ప సూత్రమునకు టీకా తాత్పర్యము

అవతారిక: ఆసుపత్రి టోకెన్ల ప్రోగ్రాము వ్రాయు శిష్యుడొకడు, రోగి వచ్చినప్పుడెల్ల జాబితానంతయు సార్టు చేయనొల్లక, ఎవరి ప్రాణము ముందు పోవునట్లున్నదో వారినే డాక్టరు వద్దకు పంపదలచి, జావా భాషలో ఇట్లు పలుకుచున్నాడు.

మూలము:
క్యూ = న్యూ ప్రయారిటీక్యూ();
క్యూ.ఆడ్(5); క్యూ.ఆడ్(1); క్యూ.ఆడ్(3);
ప్రింట్(క్యూ);
క్యూ.పోల్();

టీక: న్యూ = క్రొత్తదియగు; ప్రయారిటీక్యూ = 2004లో జావా 5తో అవతరించినదియు, ఎవరు ముందు వచ్చిరన్నది లెక్కచేయక చిన్న అంకెవానినే ముందు వదలునదియు, లోన హీపను కుప్పయు నగు వస్తువు; ఆడ్ = చేర్చుట (ఆడుటయు కాదు, పాడుటయు కాదు); 5, 1, 3 = రోగుల అంకెలు, ఇందు 1 అన్న ప్రాణాపాయము, 5 అన్న పడిశము; పోల్ = తలయందున్నవానిని తీసి చేతికిచ్చుట. ఎన్నికల పోలింగుతో దీనికి చుట్టరికము లేదు.

తాత్పర్యము: 1 బయటకు వచ్చును.

శబ్దవిశేషము: పోల్‌కు పీక్ అను తోబుట్టువు కలదు. తెలుగువాడు ఇచటనే బోల్తాపడును. పీక్ పీకదు, తొంగిచూచి ఊరకుండును. పీకునది పోల్. మరియు కుప్ప శబ్దమున శ్లేష కలదు: జావా వస్తువులు వసించు మెమరీకిని హీపనియే పేరు. ఆ కుప్ప వేరు, ఈ కుప్ప వేరు. ఈ కుప్ప ఆ కుప్పలోనే యుండుట విశేషము.

పూర్వపక్షము: మూడవ పంక్తి [1, 5, 3] అని అచ్చువేసినది. ప్రయారిటీ అని పేరుపెట్టుకొని పడిశపువానిని 3 కంటె ముందు నిలుపుట ఏమి న్యాయము? లైబ్రరీలో బగ్గున్నదని శిష్యుడు.

సమాధానము: లేదు. 1964లో విలియమ్స్ హీప్‌సార్టు కొరకు వేసిన కుప్పకు ఒక్కటే కట్టుబాటు: తల్లి తన ఇద్దరు పిల్లలకంటె పెద్ద అంకె కాకూడదు. పిల్లలలో ఎవరు ముందను తగవు కుప్ప తీర్చదు. 5, 3 తోబుట్టువులు. ఎట్లు కూర్చున్నను ఒప్పే. ఈ ఉదాసీనత వలననే పని చవుక. పదిలక్షల మందియున్న కుప్పలో క్రొత్తవాడు 20 మెట్లకు మించి ఎక్కనక్కరలేదు. వరుస కావలెనన్న ఒక్కొక్కరిని పోల్ చేసికొనుము, అచ్చువేసి చూడకుము.

పాఠాంతరములు: సీప్లస్‌ప్లస్ శాఖవారిది పెద్దలకే పెద్దపీట, ఊరక పిలిచిన గరిష్ఠాంకెయే ముందు వచ్చును. పైథాన్ హీప్‌క్యూలో వస్తువే లేదు. మామూలు జాబితాను ఫంక్షను చేతిలో పెట్టవలెను, దారినపోవువాడెవడైనను దానికి ఇంకొకటి తగిలించి కుప్ప కూల్చవచ్చును. జావా తన వరుసను కడుపులో దాచుకొనును గనుక ఈ భయము లేదని జావా శాఖవారి గర్వము.

గర్వము సగమే నిజము. అంకెలకు బదులు రోగి అను వస్తువునే చేర్చితిమనుకొనుడు. లోనికి వెళ్ళిన పిమ్మట అతని జ్వరము ముదిరి 5 కాస్తా 1 చేసితిమి. కుప్పకు కబురులేదు, అంకె మారినదని అది తనంతట మరల పోల్చి చూడదు. రోగి అట్టడుగుననే మూల్గుచుండును. గాదెకు తాళము పడినది గాని గింజ మన గుప్పిటనే యున్నది. ఈ వ్యాఖ్యాత ఒక రాత్రి తెల్లవార్లు తాళమునే తిట్టెను. తీసి, మార్చి, మరల చేర్చుటయే ప్రాయశ్చిత్తము. తీయుటకు మాత్రము రిమూవ్ మొదటినుండి ఒక్కొక్కరిని తడుముకొనుచు పోవును. అచట 20 మెట్ల లెక్క చెల్లదు.

శేషము: శిష్యుడు మరి రెండుమార్లు పోల్ చేసెను, 3 వచ్చెను, 5 వచ్చెను. నాల్గవమారు చేసెను. నల్ వచ్చెను. నల్ = (ఇచట గ్రంథపాతము)