నా ముందు నిలబడేవాడు

24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. వనపర్తిలో పాతినా, రోమ్‌లో పాతినా గోల్‌పోస్టు కొలత ఇదే. నన్ను వనపర్తిలో పాతారు. రెండు నిలువు ఇనుప పైపులు, పైన ఒక అడ్డపైపు, కింద సిమెంటు దిమ్మెలు, ఇంతే నా ఒళ్లు. వెల్డింగు షాపులో తయారై ట్రాక్టరు ట్రాలీలో ఈ కాలేజీ మైదానానికి వచ్చాను. మొదట్లో వేసిన తెల్లరంగు పాలమూరు ఎండకు పెచ్చులూడింది. సిమెంటులోకి దిగినచోట తుప్పు పట్టింది. వల కట్టడానికి కొక్కేలున్నాయి గానీ వలను పోటీలున్న రోజే బయటికి తీస్తారు. మిగతా రోజుల్లో గోలైన బంతి నేరుగా ప్రహరీ దాకా పోతుంది. దాన్ని తెచ్చుకోవాల్సింది గోల్ కీపరే.

జట్టులో పదిమంది నాకు దూరంగా పరుగులు తీస్తుంటారు. ఒక్కరు మాత్రం మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా నాతోనే ఉంటారు. ఆట మొదలయ్యే ముందు ఎగిరి నా అడ్డపైపు అందుకుని ఊగుతారు. బూట్లకంటిన మట్టిని నా కాలికి కొట్టి రాల్చుకుంటారు. ఎదుటివాళ్లు బంతితో దూసుకొస్తుంటే, కళ్లు తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపి నన్ను తడుముకుంటారు. తాను ఎక్కడ నిలబడ్డాడో కీపర్‌కు ఆ స్పర్శతోనే తెలియాలి. అందుకే నా కథలో సగానికి పైగా కీపర్ల కథే.

వాళ్లలో ఒకాయన నా ముందు ఎప్పుడూ నిలబడలేదు. నేను పుట్టకముందే ఆయన ఆట ముగిసింది. అయినా ఆయన సంగతులు నాకు బాగా తెలుసు. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక మా పీఈటీ సారు పిల్లల్ని నా పక్కన కూర్చోబెట్టుకుని ఆయన గురించే చెబుతుంటారు. ఆయన పేరు పీటర్ తంగరాజ్.

తంగరాజ్ 1935లో హైదరాబాద్‌లో పుట్టాడు. సికింద్రాబాద్‌లో మార్నింగ్ స్టార్ క్లబ్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్ తరఫున ఆడుతూ ఎదిగాడు. 1953లో సైన్యంలో చేరి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కు, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్లాడు. అక్కడ మొదట ఆయన సెంటర్ ఫార్వర్డ్. అంటే గోల్ ఆపేవాడు కాదు, కొట్టేవాడు. గోల్ కీపర్‌గా మారింది ఆ తర్వాతే. ఆరడుగులు దాటిన మనిషి, పొడవాటి చేతులు. గోల్‌లోకి వచ్చాక మళ్లీ వెనుదిరిగి చూడలేదు. ఆ రెజిమెంటల్ సెంటర్ జట్టు 1955లో, మళ్లీ 1958లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1960లో సర్వీసెస్ జట్టు సంతోష్ ట్రోఫీ అందుకున్నప్పుడు కెప్టెన్ ఆయనే.

ఫార్వర్డ్‌గా మొదలైన కీపర్ అన్న మాట దగ్గర మా సారు ప్రతిసారీ ఆగుతారు. గోల్ కొట్టబోయేవాడు ఏ క్షణాన ఏ మూల చూస్తాడో, ఏ కాలి మీద బరువు వేస్తాడో తంగరాజ్‌కు స్వానుభవం. "బంతిని గాదురా, తన్నెటోని నడుము సూడు" అని సారు పిల్లలకు చెప్పేది అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆనాటి ఆట ఎంత కష్టమో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. చాలామంది కీపర్లు ఒట్టి చేతులతోనే ఆడేవారు. బంతి తోలుది, లోపల బ్లాడరు, పైన తాడుతో బిగించిన కుట్టు. వాన పడితే తోలు నీళ్లు తాగి బరువెక్కేది. తడిసిన బంతి ఛాతీకి తగిలితే ఊపిరి ఆగినంత పనయ్యేది. ఆ కుట్టు వేళ్లను గీరేది. అలాంటి బంతిని ఒట్టి చేతులతో, అదీ గాల్లో నలుగురు మీద పడుతుండగా అందుకోవడం తంగరాజ్ పని.

ఆ కాలపు హైదరాబాద్ గురించి కూడా చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడి పంతులు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దితే, అది 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు కోచ్ కూడా ఆ రహీం సాబే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టింది ఆ మ్యాచ్‌లోనే. ఆ జట్టులో తంగరాజ్ ఉన్నాడు, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకంటే పైకి ఇప్పటికీ వెళ్లలేదు.

నాలుగేళ్ల తర్వాత రోమ్. గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీతో 1-2, పెరూతో 1-3 తేడాతో ఓడినా, ఆ రెండు మ్యాచ్‌లలోనూ మన గోలు బలరాందే. మధ్యలో ఫ్రాన్స్‌తో ఆట గ్రోసెటో అనే ఊళ్లో జరిగింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఇదే ఫ్రాన్స్ చేతిలో రెండు పెనాల్టీలు వృథా చేసుకుని 1-2తో ఓడారు. అప్పుడు చాలామంది కాళ్లకు బూట్లు లేవు. ఈసారి కెప్టెన్ పీకే బెనర్జీ గోలు కొట్టి ముందు నిలిపాడు. ఫ్రాన్స్ ఆఖర్లో సమం చేసింది. 1-1. గెలుపు చేజారిందని బాధపడేంత దగ్గరికి ఒక భారత జట్టు వచ్చింది, అదీ ఫ్రాన్స్ మీద! ఈ సంగతి చెప్పేటప్పుడు సారు గొంతు పెరుగుతుంది. నాకూ అది ఎన్నిసార్లు విన్నా చాలదు.

1962 జకార్తా ఆసియా క్రీడలదే అసలు కథ. జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తంగరాజ్ ఫ్లూ జ్వరంతో పడుకుంటే ప్రద్యుత్ బర్మన్ గోల్‌లో నిలబడ్డాడు. థాయిలాండ్, జపాన్‌లపై గెలిచి, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటి, జట్టు ఫైనల్‌కు వచ్చింది. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. స్టేడియంలో లక్షమంది దాకా జనం, వాళ్లంతా మనవాళ్లకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. తైవాన్, ఇజ్రాయెల్‌లను క్రీడలకు రానివ్వలేదని భారత అధికారి ఒకరు తప్పుపట్టడంతో రేగిన కోపం అది. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఆయన ఆ రోజు రెండు సాహసాలు చేశారు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు. జ్వరం నుంచి అప్పుడే తేరుకున్న తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు.

పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. ఆట మొదలైన 20 నిమిషాల్లోనే 2-0. తర్వాత గంటకు పైగా కొరియా దాడి సాగింది. ఒక్క గోలే చేయగలిగింది, అదీ చివరి నిమిషాల్లో. 1962 సెప్టెంబరు 4న భారత్‌కు బంగారు పతకం వచ్చింది. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరో బంగారం రాలేదు. రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. ఇటీవల ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాక ఈ పేర్లు కొత్తతరం చెవిన పడ్డాయి, సంతోషం.

తంగరాజ్ తర్వాతి ఏళ్లన్నీ కలకత్తావే. మొహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మూడు పెద్ద క్లబ్బుల గోల్‌లోనూ నిలబడ్డాడు. 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆట మానాక కోచింగ్‌లోకి వెళ్లి, ఉక్కు కర్మాగారం ఉన్న బొకారోలో స్థిరపడి అక్కడి కుర్రాళ్లకు ఆట నేర్పాడు. 2008 నవంబరులో ఆ ఊళ్లోనే చనిపోయాడు. హైదరాబాద్‌లో పుట్టి ఆసియాలోనే గొప్ప కీపర్లలో ఒకడిగా పేరు తెచ్చుకున్న మనిషి అనుభవం జార్ఖండ్ పిల్లలకు దక్కింది. వాళ్లకు దక్కినందుకు నాకు ఆనందమే. ఇక్కడి పిల్లలకు అందకపోయినందుకు మాత్రం ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కీపర్ కోచ్ కావడం ఎంత సహజమో గోల్‌పోస్టును అడగండి, చెబుతాను. మైదానం మొత్తం ముఖాముఖి కనిపించేది కీపర్ ఒక్కడికే. ఎడమవైపు ఖాళీ పడితే ముందు చూసేది ఆయనే. "వెనక మనిషున్నాడు", "బయటికి రా" అంటూ ఆటంతా అరుస్తూ జట్టును నడిపేదీ ఆయనే. రేపు గీత బయట బెంచీ దగ్గర నిలబడి చేయాల్సిన పని కూడా అదే కదా. ఇటలీ కెప్టెన్‌గా, కీపర్‌గా 1982 ప్రపంచకప్పు ఎత్తిన డీనో జోఫ్, 2000లో అదే ఇటలీని కోచ్‌గా యూరో ఫైనల్‌కు తీసుకెళ్లాడు. ఫ్రాన్స్ కీపర్ జోయెల్ బాట్స్ 1984లో యూరో విజేత. 1986 ప్రపంచకప్పు క్వార్టర్ ఫైనల్‌లో బ్రెజిల్ మేటి జీకో కొట్టిన పెనాల్టీని ఆపాడు. ఆట ముగిశాక కోచింగ్‌లోకి వచ్చాడు. ఆ తర్వాత లియాన్ క్లబ్బులో ఏళ్ల తరబడి కీపర్లను తయారుచేశాడు. 2018లో ఫ్రాన్స్‌ను ప్రపంచ విజేతగా నిలిపిన కెప్టెన్ హ్యూగో లోరిస్ కూడా లియాన్‌లో ఆయన దగ్గర సానపట్టినవాడే. ఒక మంచి కీపర్ తన తర్వాత ఇంకో మంచి కీపర్‌ను ఇచ్చి వెళ్లడమంటే ఇదే.

మరి మా దగ్గర? 2016లో మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వేర్వేరు జిల్లాలయ్యాయి. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ పిల్లలూ, నల్లమల అంచున ఉన్న అచ్చంపేట వైపు పిల్లలూ పోటీలకు వచ్చినప్పుడు నా ముందు ఆడతారు. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ తర్వాతే ఇక్కడ ఫుట్‌బాల్. ఆ ఫుట్‌బాల్‌లోనూ ఆఖరి చోటు గోల్ కీపర్‌ది. జట్టు కట్టేటప్పుడు, ఉరకలేనివాణ్ణి చూసి "నువ్వు గోల్‌ల నిలబడు" అంటారు. నిలబడ్డవాడికి ఎలా దూకాలో, కింద పడేటప్పుడు మోచెయ్యి ఎలా కాపాడుకోవాలో చెప్పేవాళ్లుండరు. 1992 నుంచి తన జట్టువాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదు. ఈ ఒక్క నియమం తెలియక ఇక్కడ ఎంతమంది పిల్లలు తిట్లు తిన్నారో నాకు తెలుసు.

మొన్నటి పోటీల్లో నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన గురుకులం అమ్మాయి ఒకతె నా ముందు నిలబడింది. చేతులకు క్రికెట్ కీపింగ్ గ్లవ్స్. వేళ్లు సరిగా వంగక బంతి రెండుసార్లు జారింది. విరామంలో వాటిని విప్పి నా కాలి దగ్గర పడేసి, అరచేతులు దుమ్ముకు రుద్దుకుని వచ్చింది. తర్వాత ఒకే చోట నిలబడకుండా, బంతి పక్కకు పోతే నా దగ్గరికి జరుగుతూ, మధ్యలోకి వస్తే రెండడుగులు ముందుకు వచ్చి గోల్‌ను మూసేస్తూ ఆడింది. అది ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. ఆటను చూస్తూ తనే పట్టుకుంది. నేర్పేవాళ్లుంటే ఎంత దూరం పోతుందో!

కీపర్ ఒక్కడే కప్పు గెలిపించగలడని తెలంగాణకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ 1-1తో నిలిచి ఆట షూటౌట్‌కు వెళితే, హైదరాబాద్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌కు వచ్చింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పీఈటీ సార్లకూ, మేడమ్‌లకూ నా విన్నపం ఒకటే. ఈసారి వేసవి శిబిరం పెట్టినప్పుడు రోజూ ఒక అరగంట కీపర్లకు విడిగా ఇవ్వండి. పడటం ముందు నేర్పండి, ఆపడం తర్వాత. మూడు జిల్లాలు కలిసి ఏడాదికోసారైనా ఒక పాత కీపర్‌ను హైదరాబాద్ నుంచి పిలిపించండి. ఫుట్‌బాల్ కిట్లు కొనేటప్పుడు జెర్సీల తర్వాత చూద్దాంలే అనుకోకుండా, పిల్లల చేతులకు సరిపోయే కీపర్ గ్లవ్స్ రెండు జతలు ఆ జాబితాలో ముందే రాయండి.